మిల్లీమీటరు మందంలో సాలీడు: విశాఖలో మాక్రో ఫొటోగ్రఫీ నేర్చుకునేవారికి

మామిడి ఆకుల్ని కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్ర చీమలు విశాఖలో అందరికీ తెలిసినవే. సింహాచలం కొండ కింది తోటల్లో అయితే కొమ్మ కొమ్మకూ ఉంటాయి. ఆ చీమలు తిరిగే చోటే, వాటికి తగలకుండా కాస్త ఎడంగా, ఒకటి వేరేగా నడుస్తూ కనిపిస్తుంది. ముందుకాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తుంది. కాళ్లు లెక్కపెడితే ఆరు కాదు, ఎనిమిది. అది చీమ వేషం కట్టిన సాలీడు. శాస్త్రీయంగా మిర్మాప్లాటా ప్లాటాలియాయిడిస్ అంటారు. మగదాని కోరలు ఎంత పొడుగ్గా ముందుకు సాగి ఉంటాయంటే, ఒక చీమ ఇంకో చీమను మోసుకుపోతున్నట్టే అనిపిస్తుంది. కంటికి ఇదంతా ఒక ఎర్రటి కదలిక మాత్రమే. మంచి మాక్రో ఫొటోలో మాత్రం కళ్లు, కోరలు, నడుము దగ్గర చీమలా సన్నబడిన ఒళ్లు అన్నీ విడివిడిగా తెలుస్తాయి.

అలాంటి ఫొటో కోసం కెమెరా పట్టుకుని దగ్గరకు వెళ్లినవారికి మొదట్లో దాదాపు ఒకే రకమైన ఫలితం వస్తుంది. పురుగు మసకగా, వెనకంతా నల్లగా, వీపు మీద ఫ్లాష్ తెల్లటి మచ్చలా పడి ఉంటుంది. దాంతో లెన్స్ మంచిది కాదేమోనని ఇంకో లెన్స్ కోసం వెతకడం మొదలవుతుంది. నా అభిప్రాయంలో ‘ఏ లెన్స్ కొనాలి’ అన్నది రెండో ప్రశ్న. దగ్గరకు వెళ్లే కొద్దీ మనం ఏమేం పోగొట్టుకుంటాం, వాటిని దేనితో తిరిగి తెచ్చుకుంటాం అన్నదే మొదటిది. దానికి జవాబు తెలిస్తే కెమెరాతోపాటు వచ్చే మామూలు కిట్ లెన్స్‌తో కూడా సాలీడు కళ్లను పట్టుకోవచ్చు.

దగ్గరైతే ఏం పోతుంది

మాక్రో అంటే దగ్గరగా తీసిన ప్రతి ఫొటో కాదు. వస్తువు ఎంత పరిమాణంలో ఉందో సెన్సర్ మీద దాని బొమ్మ కూడా అంతే పడితే దాన్ని 1:1 అంటారు. ఏపీఎస్-సీ రకం సెన్సర్ వెడల్పు దాదాపు 23 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల గెంతే సాలీడును 1:1లో తీస్తే ఫ్రేములో మూడో వంతు నిండుతుంది. గోడల మీద, కిటికీల మీద చిన్న చిన్న గెంతులు వేస్తూ ఈగల్ని పట్టేది ఈ గెంతే సాలీడే.

1:1లో మొదట పోయేది లోతు, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్. అపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్ 11 దాకా మూసినా (ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఏపీఎస్-సీ కెమెరాలో స్పష్టంగా వచ్చే మందం సుమారు ఒక మిల్లీమీటరు. రెట్టింపు సైజుకు, అంటే 2:1కి వెళ్తే అదే అపర్చర్‌లో మిల్లీమీటరులో మూడో వంతే మిగులుతుంది. ముందు కళ్లు స్పష్టంగా ఉంటే వెనక కాళ్లు మసకబారతాయి. ఇందులో లెన్స్ లోపమేమీ లేదు, కాంతి లెక్కే అంత.

లోతు కోసం అపర్చర్ ఇంకా మూసేద్దామంటే అక్కడ ఇంకో చిక్కు ఉంది. లెన్స్ మీద రాసి ఉన్న ఎఫ్ సంఖ్య దూరపు దృశ్యాలకు చెప్పినది. దగ్గరకు వెళ్లేకొద్దీ అసలు విలువ పెరుగుతుంది. 1:1 దగ్గర ఎఫ్ 11 పెడితే అది ఎఫ్ 22లా పనిచేస్తుంది. 2:1 దగ్గర ఎఫ్ 33 అవుతుంది. అంత చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి అంచుల దగ్గర వంగి చెదిరిపోతుంది. దాన్ని డిఫ్రాక్షన్ అంటారు. మందం పెరుగుతుంది గానీ బొమ్మ మొత్తం మెత్తబడుతుంది, కళ్ల చుట్టూ ఉండే సన్నటి వెంట్రుకలు కలిసిపోతాయి. అందుకే 1:1 దగ్గర ఎఫ్ 8 నుంచి 11 వరకు, 2:1 దగ్గర ఎఫ్ 5.6 నుంచి 8 వరకు ఉంచుకోవడం నయం.

రెండోది వెలుగు. ఎఫ్ 11 కాస్తా ఎఫ్ 22 అయ్యిందంటే రెండు స్టాపులు పోయినట్టు. అంటే నాలుగో వంతు వెలుతురే సెన్సర్‌కు చేరుతుంది. పైగా పురుగులు ఉండేది ఎక్కువగా ఆకు అడుగున, పొద లోపల. లెన్స్ నీడ కూడా దాని మీదే పడుతుంది.

మూడోది నిలకడ. పురుగు ఎంత పెద్దగా కనిపిస్తుందో మన చేతి వణుకు కూడా అంత పెద్దగా కనిపిస్తుంది. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ పక్కలకు, పైకి కిందకు కదిలే వణుకును కొంత సరిదిద్దుతుంది. ముందుకు వెనక్కు ఊగడాన్ని మాత్రం ఏ స్టెబిలైజేషనూ ఆపలేదు. మాక్రోలో అసలు గండం అదే. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కదిలే దూరం మన దగ్గరున్న మందం కన్నా ఎక్కువ. ఆకు కూడా అంతే. మనకు గాలే లేదనిపించినప్పుడు కూడా ఆకు చివర ఒకట్రెండు మిల్లీమీటర్లు ఊగుతూనే ఉంటుంది.

ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. లోతు కోసం అపర్చర్ మూస్తే వెలుగు పోతుంది, వెలుగు కోసం షట్టర్ నెమ్మది చేస్తే నిలకడ పోతుంది, షట్టర్ వేగం పెంచి, వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్ఓ కూడా పెంచితే సన్నటి వివరాలు పోతాయి. ఒకటి లాగితే ఇంకోటి బిగుసుకునే ముడి ఇది. కెమెరా సెట్టింగులు ఎంత తిప్పినా ఈ ముడి విడదు. బయటి నుంచి వెలుగు తేవాలి.

వెలుగుతోనే విడిపోయే ముడి

మాక్రోలో ఫ్లాష్ వెలుగివ్వడమే కాదు, షట్టర్ పని కూడా చేస్తుంది. కెమెరా మీద బిగించే మామూలు ఫ్లాష్‌ను (స్పీడ్‌లైట్) పదహారో వంతు శక్తిలో పెడితే అది వెలిగి ఆరే సమయం సెకనులో దాదాపు పదివేల వంతు. షట్టర్ 1/200 సెకను దగ్గర ఉన్నా, వెలుగు మొత్తం ఆ పదివేల వంతులోనే వచ్చింది కాబట్టి చేతి వణుకు, ఆకు ఊపు ఫొటోలో పడవు. ఎఫ్ 11 పెట్టినా వెలుగు చాలుతుంది. ఐఎస్ఓ 200 దగ్గర ఉంచుకోవచ్చు. మూడు సమస్యలూ ఒక్క దెబ్బకు తేలికపడతాయి. మొదలుపెట్టడానికి నేను చెప్పే సెట్టింగ్ ఇదే: మాన్యువల్ మోడ్, షట్టర్ 1/200, ఎఫ్ 11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ పదహారో వంతు. అక్కడి నుంచి ఫ్లాష్ శక్తిని పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతే చాలు. కొన్ని ఫ్లాష్‌లలో హైస్పీడ్ సింక్ ఉంటుంది. మాక్రోకు దాన్ని వాడొద్దు. అందులో ఫ్లాష్ వరుసగా మినుకుతూ ఉంటుంది కాబట్టి కదలికను ఆపే గుణమే పోతుంది.

అయితే నేరుగా కొట్టిన ఫ్లాష్ అందాన్ని చంపేస్తుంది. పెంకు పురుగుల వీపు, సాలీళ్ల కళ్లు అద్దాల్లాంటివి. ఎదురుగా ఏ దీపం ఉంటే దాని బొమ్మనే తిప్పి చూపిస్తాయి. చిన్న ఫ్లాష్ బల్బు ఉంటే కాలినట్టున్న తెల్లటి చుక్క వస్తుంది, వెడల్పాటి మెత్తటి వెలుగు ఉంటే మృదువైన మెరుపు వస్తుంది. అందుకే ఫ్లాష్ వెలుగును పరిచి మెత్తబరిచే డిఫ్యూజర్ కావాలి. మాక్రోలో లెన్స్ కన్నా ఎక్కువ శ్రద్ధ దీని మీదే పెట్టాలి. టీవీలు, మిక్సీలు కొన్నప్పుడు చుట్టి వచ్చే తెల్లటి ఫోమ్ షీటు, ట్రేసింగ్ పేపరు, బటర్ పేపరు ఏదైనా సరిపోతుంది. వెలుగు పురుగుకు ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా ఉందన్నదే లెక్క. లెన్స్ చివర దాకా ముందుకు వంగి, పురుగు మీద చిన్న పందిరిలా ఉండేట్టు షీటును అమర్చుకోండి. ఫ్లాష్‌కూ షీటుకూ మధ్య కాస్త ఖాళీ ఉంటే వెలుగు షీటంతా పరుచుకుంటుంది. రెండు పొరలైతే ఇంకా మెత్తగా ఉంటుంది. ఇంట్లో చేసుకున్న డిఫ్యూజర్లతో అద్భుతంగా తీసేవాళ్లు ఎంతోమంది.

వెనకంతా నల్లగా రావడానికి కారణం కూడా వెలుగే. ఫ్లాష్ వెలుగు దూరానికి చాలా వేగంగా పడిపోతుంది. పది సెంటీమీటర్ల దూరంలోని పురుగు మీద సరిగ్గా పడిన వెలుగు, ఫ్లాష్‌కు అర మీటరు దూరంలో ఉన్న పొదను చేరేసరికి ఇరవై అయిదో వంతే. రాత్రి ఫొటోలకు ఆ నలుపు నప్పుతుంది, పగలు తీసినదాంట్లో అసహజంగా ఉంటుంది. పురుగు వెనక దగ్గర్లోనే ఇంకో ఆకు ఉండేలా కోణం మార్చుకోవడం తేలికైన ఉపాయం. లేదంటే ఐఎస్ఓ కాస్త పెంచి, ఆకాశం వైపు తిరిగి తీసి, పగటి వెలుగును కూడా లోపలికి రానివ్వాలి.

దొరికిన మిల్లీమీటరును ఎక్కడ వాడాలి

ఆటోఫోకస్‌ను పక్కన పెట్టండి. ఇంత దగ్గరలో అది ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉండిపోతుంది. కావలసిన సైజు దగ్గర ఫోకస్‌ను మాన్యువల్‌లో స్థిరం చేసి, మన ఒంటినే మెల్లగా ముందుకు జరుపుతూ, కళ్లు స్పష్టమైన క్షణాన నొక్కాలి. మోచేతులు ఒంటికి ఆనించి, సగం ఊపిరి వదిలి ఆపి తీస్తే చాలా తేడా ఉంటుంది. ఇంకా మంచి పద్ధతి, ఎడమ చేతి వేళ్లతో పురుగున్న కాడనే మెల్లగా పట్టుకుని, అదే చేతి మీద లెన్స్ ఆనించడం. అప్పుడు గాలికి ఆకు ఊగినా లెన్స్ కూడా దానితోపాటే ఊగుతుంది. ట్రైపాడ్‌తో ఆరుబయట పురుగుల వెంట పడటం దాదాపు అయ్యే పని కాదు. కాలు సర్దేలోపు అది వెళ్లిపోతుంది.

పురుగును ఏ కోణంలో చూస్తున్నామన్నది అపర్చర్ కన్నా ముఖ్యం. తూనీగను పక్క నుంచి, సెన్సర్‌కు దాని ఒళ్లు సమాంతరంగా ఉండేట్టు తీస్తే తల నుంచి తోక దాకా ఆ ఒక్క మిల్లీమీటరులోనే ఇమిడిపోతుంది. ఎదురుగా తీస్తే కళ్లు తప్ప ఏదీ రాదు, అయినా కళ్లు ఒక్కటే వచ్చినా బొమ్మ నిలబడుతుంది. రెండింటికీ మధ్య ఏటవాలుగా తీసినవే ఎటూ కాకుండా పోతాయి. గెంతే సాలీడుకు ముందువైపు నాలుగు కళ్లు ఒక వరుసలో ఉంటాయి, వాటిలో నడిమి రెండూ పెద్దవి. ఆ రెండింటి మీద ఫోకస్ పడితే మిగతాదంతా మసకైనా చూసేవారికి లోటనిపించదు.

అంతకు మించి కావాలంటే ఫోకస్ స్టాకింగ్ ఉంది. ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ఒళ్లంతా స్పష్టమైన ఒక్క ఫొటో వస్తుంది. పురుగు కదలకుండా ఉంటేనే కుదురుతుంది. నేర్చుకునే రోజుల్లో దాని జోలికి వెళ్లకపోవడమే మేలని నా సలహా. ఒక్క ఫొటోలో కోణాన్ని ఎంచుకోవడం చేతికి అలవాటైనాకే స్టాకింగ్ వల్ల లాభం.

ఇక లెన్సుల సంగతి

90 నుంచి 105 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఉంటే హాయి. 1:1 దగ్గర కూడా లెన్స్ అంచుకూ పురుగుకూ మధ్య పదమూడు, పధ్నాలుగు సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. అది లేకపోయినా దిగులు పడొద్దు. 55-250 లాంటి కిట్ జూమ్ ముందు రేనాక్స్ డీసీఆర్ 250 అనే క్లిప్ లెన్స్ తగిలిస్తే, 250 దగ్గర ఇంచుమించు రెండు రెట్ల సైజు వస్తుంది. లెక్క సులువే. రేనాక్స్ ఫోకల్ లెంగ్త్ 125 మిల్లీమీటర్లు, 250ని 125తో భాగిస్తే రెండు. 50 ఎంఎం లెన్స్ ఉన్నవారు ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలు వాడవచ్చు. 25 మిల్లీమీటర్ల ట్యూబుకు సగం సైజు, 50కి నిజ సైజు వస్తాయి. అదే లెన్స్‌ను రివర్స్ రింగుతో తిప్పి పెట్టినా దాదాపు 1:1 వస్తుంది. అన్నిటికన్నా చవకైన దారి ఇదే, కాకపోతే పురుగుకు మరీ దగ్గరగా వెళ్లాలి. ఫోన్‌కు తగిలించే క్లిప్ లెన్సులు కూడా బాగానే పనిచేస్తాయి. వాటి ఎడం సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లే కాబట్టి నెమ్మదిగా కదిలే పురుగులతో మొదలుపెట్టాలి.

విశాఖలో ఎప్పుడు, ఎక్కడ

పురుగులకు సొంత ఒంటి వేడి ఉండదు. చల్లగా ఉన్నంతసేపూ మందకొడిగా ఉంటాయి, ఎండెక్కగానే చురుకవుతాయి. విశాఖలో దీనికి తోడు ఇంకో కారణం ఉంది. పొద్దెక్కి నేల వేడెక్కిన కొద్దీ సముద్రం నుంచి గాలి మొదలవుతుంది, ఇక ఏ ఆకూ నిలవదు. తెల్లారిన దగ్గర నుంచి ఎనిమిదిన్నర, తొమ్మిది వరకు మనకు దక్కే సమయం. మంచు బిందువులతో మెరిసే తూనీగల ఫొటోలు కావాలంటే శీతాకాలంలో అరకు, లంబసింగి వైపు వెళ్లాలి. తీరంలో అంత చలి ఉండదు.

రుతువుల్లో వానాకాలమే మనది. తొలకరి పడగానే ఆరుద్ర కార్తెలో ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు నేల మీదకు వస్తాయి. వాటికీ ఎనిమిది కాళ్లే. అవి కీటకాలు కావు, సాలీళ్ల బంధువులు. నెమ్మదిగా నడుస్తాయి, రంగు అద్భుతం. మోకాళ్ల మీద కాదు, బోర్లా పడుకుని వాటి ఎత్తుకు దిగి తీయాలి. జూలై నుంచి నవంబరు దాకా పచ్చదనం ఉన్నచోటల్లా ఏదో ఒకటి దొరుకుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం నీళ్లున్న చోట్లకే పోవాలి. ముడసర్లోవ చుట్టుపక్కల తూనీగలు అప్పుడు కూడా ఉంటాయి. తూనీగ లేచిపోయినా వెంటపడొద్దు. చాలా రకాలు తిరిగి అదే పుల్ల మీదకు వచ్చి వాలతాయి. అక్కడే కెమెరా సిద్ధంగా పెట్టుకుని కూర్చోవాలి.

కొత్తవారికి నేను ముందుగా చూపించే చోటు అడవి కాదు, జిల్లేడు మొక్క. ఖాళీ స్థలాల్లో, భీమిలి దారి పొడవునా, కొండల అంచున ఎక్కడైనా ఉంటుంది. ఒక్క మొక్క మీదే నేర్చుకోవలసిన పాఠాలన్నీ ఉంటాయి. పసుపు, నీలం చారల జిల్లేడు మిడత మెల్లగా కదులుతుంది, పెద్దగా భయపడదు. లేత కొమ్మల మీద పేనుబంక, దాన్ని తినడానికి వచ్చే అక్షింతల పురుగులు, పేనుబంక విడిచే తీపి రసం కోసం దానికి కాపలా కాసే చీమలు ఉంటాయి. పూల మీదకు తుమ్మెదలు వస్తాయి. ఆకు అడుగున నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు కనిపిస్తే అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకది. ఇంటి పెరట్లో కరివేపాకు, నిమ్మ మొక్క ఉన్నా చాలు. వాటి ఆకుల మీద పక్షి రెట్టలా కనిపించే చిన్న గొంగళిపురుగులు నిమ్మ సీతాకోకచిలుక, దాని దగ్గరి రకాల పిల్లలు.

సాలీళ్ల కోసం అయితే పొదల మధ్య నెమ్మదిగా చూసుకుంటూ నడవాలి. గూడు మధ్యలో తెల్లటి దారంతో గుణకారం గుర్తులా అల్లి, తలకిందులుగా వేలాడే ఆర్గియోపి సాలీడు మొదటి పాఠానికి చక్కగా సరిపోతుంది. ఒళ్లంతా ఒకే సమతలంలో ఉంటుంది, రోజంతా అక్కడే ఉంటుంది. గూటి దారం ఒక్కటి తగిలినా అది గూటిని ఊపేస్తుంది, కాబట్టి చుట్టూ ఉన్న పుల్లల్ని కదపకుండా వెళ్లాలి. తర్వాత గెంతే సాలీళ్లు. వాటి చూపు చాలా గొప్పది. మనం లెన్స్ దగ్గరకు తెస్తే తనే తిరిగి సూటిగా లెన్స్‌లోకి చూస్తుంది, అప్పుడే నొక్కాలి. టెలమోనియా డిమిడియాటా అనే లేత రంగు గెంతే సాలీడు దొరికితే కాసేపు ఊరికే చూడండి. నడిమి కళ్ల రంగు నల్లగా, మళ్లీ లేతగా మారుతున్నట్టుంటుంది. లోపల రెటీనా అటూ ఇటూ కదులుతుండటమే కారణం. దగ్గరకు వెళ్లేటప్పుడు మన నీడ దాని మీద పడకూడదు, చెయ్యి పక్కలకు ఊగకూడదు. నేరుగా ఎదురుగా, చాలా నెమ్మదిగా ముందుకు జరిగితే చాలావరకు బెదరవు.

కంబాలకొండ అభయారణ్యం 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తూర్పు కనుమల అడవి మన ఊరి పక్కనే ఉండటం పెద్ద అదృష్టం. ప్రకృతి బాటల మీద, తెరిచి ఉంచే వేళల్లోనే తిరగాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఫొటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి కావాలి, పురుగుల్ని పట్టుకుని తీసుకురావడం నేరం. అక్కడ చిరుతలు కూడా ఉన్నాయని మరిచిపోవద్దు. డాల్ఫిన్స్ నోస్ వైపు, నేవీ స్థలాల దగ్గర మాత్రం పురుగు ఎంత బాగున్నా కెమెరా తీయకండి.

రాత్రి వేళ ఇంకో లోకం. గాలి ఆగుతుంది, చాలా సాలీళ్లు అప్పుడే గూళ్లు అల్లుతాయి, పగటి పురుగులు గడ్డి చివర్లను పట్టుకుని నిద్రపోతుంటాయి. నుదుటి లైటు వేసుకుంటే నేల మీద తోడేలు సాలీళ్ల కళ్లు చిన్న చిన్న నక్షత్రాల్లా మెరుస్తాయి. అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్లు ఆకుపచ్చ నీలంగా వెలుగుతాయి. అయితే మెడ వంచి ఆకులే చూసుకుంటూ నడిచేవారికి కాళ్ల కింద ఏముందో తెలియదు. రక్తపింజరి, కట్లపాము తిరిగే నేల ఇది. బూట్లు, నిండు ప్యాంటు, తోడుగా ఇంకొకరు లేకుండా రాత్రి వెళ్లొద్దు. చేతి లైటు ముందు నేల మీద, ఆ తర్వాతే ఆకు మీద.

ఉప్పుగాలి, తేమ

మన ఊరి తేమ లెన్సులకు శత్రువు. ఏసీ గది నుంచి తీసిన కెమెరాను నేరుగా బయటకు తెస్తే గాజు మీద ఆవిరి కమ్ముతుంది. గట్టిగా మూసిన కవర్లో పెట్టి బయటికి తెచ్చి, అది బయటి వేడికి వచ్చాక తెరిస్తే సరిపోతుంది. ఫంగస్ అసలు ప్రమాదం. మూతవేసిన తోలు సంచిలో నెలల తరబడి వదిలేసిన లెన్స్‌కు తీరంలో ఫంగస్ పట్టడం మామూలే. లోపల 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్ మంచిది. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. బీచ్ పక్కన తీసి వచ్చిన రోజు కాస్త తడిపి పిండిన మెత్తటి గుడ్డతో కెమెరా ఒంటిని తుడవాలి, ఉప్పు ఉండిపోతే బటన్లు, మౌంటు పాడవుతాయి.

ఆ ప్రాణి బాగు

కొందరు పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, మగతలో ఉండగా తీస్తారు. కాళ్లకు జిగురు అంటించి నిలబెట్టేవారూ ఉన్నారు. అలా తీసినది చూస్తే తెలిసిపోతుంది. కాళ్లు సహజంగా ఆనవు, మీసాలు వాలిపోయి ఉంటాయి. ఆ ప్రాణికి జరిగే నష్టం సరే, అసలు అది ఎలా బతుకుతుందో చూడటం కోసమే కదా ఇంత దగ్గరకు వెళ్లింది. గుడ్ల సంచిని మోస్తున్న సాలీడును, కుబుసం విడుస్తున్న దాన్ని తాకకుండా రెండు ఫొటోలు తీసి వచ్చేయాలి. కుబుసం విడిచేటప్పుడు ఒళ్లు మెత్తగా ఉంటుంది, కింద పడితే బతకదు. ఆకు అడ్డంగా ఉందని తుంచేస్తే అది దాక్కునే చోటు పోతుంది. క్లిప్పుతో పక్కకు పట్టి, తర్వాత వదిలేయండి.

తీసిన వాటికి పేరు కనుక్కోవడం ఈ పనిలో సగం ఆనందం. ఐనాచురలిస్ట్‌లో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో ఫొటో పెడితే తెలిసినవారు గుర్తించి చెబుతారు. వారికి అందమైన ముఖం ఒక్కటే చాలదు. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, వీలైతే కడుపు వైపు నుంచి ఇంకొకటి తీయండి. తేదీ, చోటు, ఏ మొక్క మీద ఉంది అన్నవి రాయండి. సీతాకోకచిలుకలకు చాలావరకు ఫొటోతోనే జాతి తేలుతుంది. సాలీళ్లలో ఎన్నింటికో సూక్ష్మదర్శిని కింద జననాంగాలు చూస్తే తప్ప జాతి చెప్పలేరు, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, జీనస్) దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగిపోయినదాన్ని కూడా తీసేయకుండా ఉంచండి. కంబాలకొండలోనో, మీ డాబా మీదో ఫలానా నెలలో ఆ సాలీడు ఉందన్న నమోదు, తర్వాత ఆ గుంపు మీద పనిచేసేవారికి ఉపయోగపడుతుంది.